దున్నకుండా జింకలకు మేత మడి వేస్తే మొలక రాలేదు

ప్రశ్న:
అడవి అంచున పావు ఎకరం ఖాళీగా ఉంది. ట్రాక్టర్ లేదు, నా నడుముకి పార పట్టే ఓపికా లేదు. జింకలు వస్తే చూడాలని ఆశ, అంతే. పచ్చగడ్డి మీదే క్లోవర్ (మూడాకుల పశుగ్రాసం మొక్క), బఠాణీ చల్లేశాను. బఠాణీలు పిట్టల పాలు. క్లోవర్ అయితే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దున్నక తప్పదా?

జవాబు 1:
అక్కర్లేదు. నేనూ మొదటి ఏడాది ఇలాగే బోల్తా పడ్డాను. విత్తనం గడ్డిలో వేలాడిపోయింది, మట్టిని తాకనేలేదు! వానకి ముందు చల్లి, వెంటనే ఆ గడ్డిని కోసి దాని మీదే పరిచేయండి. తడి నిలుస్తుంది, పిట్టలకీ కనబడదు. మరీ మందంగా మాత్రం వద్దు, క్లోవర్ గింజ ఆవగింజ కన్నా చిన్నది, పైకి రాలేదు. బఠాణీ మట్టిలోకి దిగాల్సిన గింజ, చల్లితే దండగ. బదులుగా చలికాలం ముందు రై ధాన్యం (ఆవాలు కాదు, గోధుమ లాంటి గింజ) చల్లండి, అది పైపైనే మొలుస్తుంది.

జవాబు 2:
ముందు మట్టి పరీక్ష. పీహెచ్ (మట్టి పులుపును చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దాటకపోతే క్లోవర్ ఈసురోమంటుంది. ఆ పులుపు తగ్గించే సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది, ఇప్పుడే చల్లుకోండి.

ప్రశ్న అడిగినవారు:
పరీక్ష చేయించా. 5.4! మరి మొలిచిన నాలుగూ జింకలే తినేస్తున్నాయేమో, ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
ఒక మూల చిన్న తీగ వల గుండ్రంగా చుట్టి పెట్టండి. లోపల ఏపుగా, బయట మొండిగా ఉంటే జింకలు వచ్చి వెళ్తున్నట్టే.