చింక్వే తెర్రె: పెద్దవాళ్ళతో నడవాలా, రైల్లో తిరగాలా?

గోదారమ్మాయి:
మేము స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. మే నెలలో అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు. ఇటలీ ట్రిప్‌లో ఒక్క రోజు చింక్వే తెర్రెకి పెట్టుకున్నాం, అంటే సముద్రం ఒడ్డున కొండల మీదున్న అయిదు ఊళ్ళకి. బస దగ్గర్లోని లా స్పెజియా పట్నంలో. మామయ్యగారికి 68, రోజూ వాకింగ్ చేస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి. బాబుకి ఏడేళ్ళు. వాటిలో మోంటెరోస్సో అనే ఊరి నుంచి వెర్నాజ్జా అనే ఊరికి కొండదారిలో అందరం నడవగలమా, లేక అయిదు ఊళ్ళూ రైల్లోనే తిరగడం మేలా?

కాలినడక:
నడవండి. ఊరికీ ఊరికీ మధ్య రైలు నాలుగైదు నిమిషాలే, అదీ చాలావరకు సొరంగంలో. దిగడం, జనంలో తోసుకుంటూ ఫోటో తీసుకోవడం, మళ్ళీ ఎక్కడం. అంతే. అక్కడివాళ్ళు కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి ద్రాక్ష పండించారు. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని తన ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది రంగురంగుల ఇళ్ళని మాత్రమే చూసి కాదు. ఆ గోడల పక్కన నడవాలి. మూడున్నర కిలోమీటర్లు, సుమారు రెండు గంటలు. ఏడేళ్ళ పిల్లాడు పరిగెత్తుకుంటూ వెళ్తాడు.

మ్యూనిచ్‌వాసి:
అమ్మా, మూడున్నర కిలోమీటర్లు అన్న మాట చూసి మోసపోవద్దు. మోంటెరోస్సో దాటగానే మెట్లు మొదలవుతాయి. ఎత్తు ఒకటి, దిగువ ఒకటి, అన్నీ ఒక తీరున ఉండని రాతిమెట్లు. కొన్నిచోట్ల ఒక్క మనిషి పట్టేంత దారి, పక్కన లోయ. మా అమ్మకి సగం దారిలో మోకాలు పట్టేసింది. ముందుకెళ్ళలేం, వెనక్కి రాలేం, బండి వచ్చే దారి లేదు. నా భుజం పట్టుకుని రెండు గంటల దారి నాలుగు గంటలు నడిచింది. ఆ రాత్రి హోటల్లో తను కాళ్ళు నొక్కుకుంటుంటే నాకు నిద్ర పట్టలేదు.

ఇందూరు_కిరణ్:
చెప్పులతో మాత్రం వెళ్ళొద్దు. బూట్లు లేకుండా కొండదారి పడితే 50 నుంచి 2500 యూరోల దాకా జరిమానా అని 2019లో వార్తల్లో చదివాం.

కాలినడక:
మెట్లకే భయపడితే ఎలా? అలిపిరి దారిలో 3550 మెట్లు. మన అమ్మలు మొక్కుకుని ఎక్కుతున్నారు కదా!

మ్యూనిచ్‌వాసి:
అలిపిరి దారిలో నెత్తిన కప్పు ఉంటుంది, కూర్చునే చోటు ఉంటుంది, నీళ్ళుంటాయి. పైగా చాలామంది ఎక్కి, బస్సులో దిగుతారు. నొప్పి ఉన్న మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే గండం. వెర్నాజ్జా వైపు అంతా దిగుడే.

సరస్వతి_పి:
కొర్నీల్యా స్టేషన్ నుంచి ఊళ్ళోకే దాదాపు 380 మెట్లు. పక్కనే చిన్న బస్సు ఉంటుంది, అది ఎక్కండి. శాకాహారులైతే ఫారినాతా అడగండి. శనగపిండితో చేసే అట్టు, మా అమ్మ ఇష్టంగా తింది.

కాలినడక:
మ్యూనిచ్‌వాసి గారూ, మీ అమ్మగారికి కష్టమైందని ఊళ్ళో అమ్మలందరినీ స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టేస్తారా?

మ్యూనిచ్‌వాసి:
మా అమ్మ ఊసెత్తకండి. ఆవిడ కాళ్ళు ఎలా వాచాయో మీరు చూడలేదు.

కాలినడక:
సరే, నా సంగతి చెప్తాను. మేమందరం నడుస్తూ, నాన్నని మనరోలా ఊళ్ళో ఒక కాఫీ షాపులో కూర్చోబెట్టి వెళ్ళాం. గుండె ఆపరేషన్ అయింది కదా, నడవలేరని మేమే అనుకున్నాం. తిరిగొచ్చేసరికి కప్పు ముందు అలాగే కూర్చుని ఉన్నారు. "నన్నొక మాట అడగలేదేంరా?" అన్నారు. మరుసటి ఏడాది పోయారు. నా బాధ మెట్ల గురించి కాదండీ. పెద్దవాళ్ళ తరఫున మనం తేల్చేయడం గురించి.

మ్యూనిచ్‌వాసి:
అది నాకు తెలియదు. నొప్పించి ఉంటే మన్నించండి. కానీ నేను మా అమ్మని అడిగాను. "నడుస్తాన్రా, నాకేం?" అంది. మేం ముచ్చటపడుతున్నామని అలా అంది. అక్కడే మీకూ నాకూ తేడా. అడిగితే చాలంటారు మీరు. మన పెద్దవాళ్ళు పిల్లల ముఖం చూసి జవాబు చెప్తారని నేనంటాను.

కాలినడక:
అయినా అడగాలి. నమ్మకపోతే రెండుసార్లు అడగాలి.

సరస్వతి_పి:
మనరోలా, రియోమజోరె ఊళ్ళ మధ్య వియా దెల్ అమోరె అనే కాలిబాట ఉంది, చాలావరకు చదునే, కిలోమీటరు దూరం. 2012లో కొండరాళ్ళు పడి మూసేశారు, 2024లో మళ్ళీ తెరిచారు. దానికి విడిగా టైము బుక్ చేసుకోవాలి. అత్తయ్యగారికి అది చాలదా?

గోదారమ్మాయి:
నిజం చెప్పాలంటే మొన్న నేనూ అత్తయ్యగారిని అందరి ముందే అడిగాను. "మీ ఇష్టమమ్మా" అన్నారు. ఇవాళ మామయ్యగారు బజారుకెళ్ళినప్పుడు ఫోన్ చేసి మళ్ళీ అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కొండ మీద నుంచి కాదు గానీ, ఆ ఊళ్ళని సముద్రం మీద నుంచి చూపించే పడవలేమైనా ఉంటాయా?" అన్నారు. ఆవిడకి పడవంటే ఇష్టమని పదేళ్ళుగా నాకు తెలియదు. మామయ్యగారూ మావారూ బాబూ నడుస్తారు. మేమిద్దరం పడవలో వెర్నాజ్జా చేరి వాళ్ళకోసం చూస్తాం.

మ్యూనిచ్‌వాసి:
కొర్నీల్యాలో పడవ ఆగదు, మిగతా నాలుగు ఊళ్ళలో ఆగుతుంది. అలలు ఎక్కువైతే నడపరు. పొద్దున్నే కనుక్కుని బయల్దేరమ్మా.