రేమండ్ గ్రిఫిత్ మూకీ వేయాలనుకుంటున్నాం, ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా కాలనీ ఫిల్మ్ క్లబ్‌లో వచ్చే నెల ఒక మూకీ కామెడీ వేద్దామని ఉంది. చాప్లిన్, కీటన్ మావాళ్లు చాలాసార్లు చూసేశారు. ఒక మిత్రుడు హాలీవుడ్ మూకీల హాస్యనటుడు రేమండ్ గ్రిఫిత్ పేరు చెప్పాడు. వెతికితే ‘హ్యాండ్స్ అప్’ పేరుతో వేర్వేరు సినిమాలు వస్తున్నాయి. ‘పాత్స్ టు ప్యారడైజ్’ ఏమో చివర్లో తెగిపోయినట్టుంది. ఏది వేయమంటారు? హక్కుల గొడవ ఏమైనా ఉంటుందా? ముందు జనానికి ఆయన గురించి నాలుగు ముక్కలు కూడా చెప్పాలి.

జవాబు: మీకు కావలసింది 1926 నాటి ‘హ్యాండ్స్ అప్’, దర్శకుడు క్లారెన్స్ బ్యాడ్జర్. అదే పేరుతో 1918లో ఒక సీరియల్ వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదు. ‘పాత్స్ టు ప్యారడైజ్’ (1925) తెగిపోవడం మీ ఫైలు తప్పు కాదండీ, చివరి రీలు అసలు దొరకనే లేదు. దొంగలు మెక్సికో సరిహద్దుకేసి కారులో దూసుకుపోయే ఛేజ్ దాకా ఉంది కాబట్టి వెలితి మరీ తెలియదు. అయినా కొత్తవాళ్లకు మొదట అది వద్దు.

‘హ్యాండ్స్ అప్’ అమెరికా అంతర్యుద్ధం కథ, అందులో గ్రిఫిత్ దక్షిణాది సైన్యపు గూఢచారి. ఉత్తరాదికి వెళ్లే బంగారాన్ని ఆపాలి. ఒకచోట పట్టుబడి గోడకు నిలబడతాడు, ఎదురుగా తుపాకుల వరస. పళ్లాలు తీసుకుని ఒక్కొక్కటే గాల్లోకి విసరడం మొదలెడతాడు. సైనికులు తనను వదిలేసి వాటికి గురిపెడతారు! ఆ సీన్లో ఆయన ముఖం చూడండి, కంగారనేదే ఉండదు. పడటం, పరిగెత్తడం కన్నా ఆ నింపాదితనమే ఆయన కామెడీ. పట్టు టోపీ, పెద్దమనిషి వేషం అందుకే అంత బాగా అతికాయి. నన్నడిగితే కీటన్ పక్కన నిలబెట్టదగ్గవాడు.

హక్కుల టెన్షన్ వద్దు. 1926 సినిమాలు అమెరికాలో 2022 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేశాయి. మన చట్టం ప్రకారం సినిమాకు 60 ఏళ్లే. అయితే ఈమధ్య ఎవరైనా కొత్తగా సంగీతం జోడించిన కాపీ అయితే ఆ సంగీతం హక్కు వేరు. అనుమానం ఉంటే సౌండ్ తీసేసి కీబోర్డు వాయించేవాళ్లను కూర్చోబెట్టండి.

ప్రశ్న: చాలా థాంక్సండీ. మాటలు రాగానే ఆయన పని అయిపోయిందని చదివాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. చిన్నప్పుడే గొంతు దెబ్బతింది, బొంగురు గుసగుస తప్ప పైకి రాదు. టాకీల్లో హీరోగా నిలబడటం ఎలాగూ కుదరదు. 1930 నాటి ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’లో గుంతలో కత్తిపోటుతో ప్రాణం విడిచే ఫ్రెంచి సైనికుడు ఈయనే. ఒక్క మాటా లేదు. ఆ తర్వాత హాలీవుడ్ నిర్మాత డారిల్ జానుక్ దగ్గర నిర్మాణంలోకి వెళ్లి ‘హైదీ’ (1937), ‘ద మార్క్ ఆఫ్ జోరో’ (1940) లాంటివాటికి పనిచేశారు. కాబట్టి “టాకీలు మింగేసిన అభాగ్యుడు” అని మాత్రం పరిచయం చేయకండి. మరుగున పడటానికి అసలు కారణం, హీరోగా చేసిన వాటిలో చాలా ప్రింట్లు పోవడం. ‘హ్యాండ్స్ అప్’ను అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చింది కూడా 2005లోనే.

ఇంకొకరు: రెండు విషయాలు కలుపుతాను. మూకీ కదా అని కొందరు వేగాన్ని సెకనుకు 16 ఫ్రేములకు దించేస్తారు. 1920ల మధ్యకు వచ్చేసరికి 20 దాటే ఆడేవి, నెమ్మది చేస్తే ఈయన టైమింగ్ చచ్చిపోతుంది. రెండోది, ఆదివాసీ అమెరికన్లను చూపించిన తీరు ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది, పిల్లలు వస్తే ముందే ఒక మాట చెప్పండి.

ప్రశ్న: పిల్లలూ, పెద్దవాళ్లూ వస్తారు. ఇంగ్లీషు టైటిల్స్ ఎలా మరి?

జవాబు: మూకీల రోజుల్లో మన హాళ్లలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. అదే చేయండి. టైటిల్స్ ముందే తెలుగులో రాసుకుని, గొంతు బాగున్నవాళ్ల చేత చదివించండి. టైటిల్ తెర మీద ఉన్నంతసేపే చదవాలి, బొమ్మ రాగానే ఆపేయాలి. ఒకసారి రిహార్సల్ వేసుకోండి, సినిమా గంటకు కాస్త ఎక్కువ, అంతే.