ఇంట్లో కువి, పరీక్షలో ఇంగ్లీషు: లెక్కలు ఎలా చెప్పాలి?

నమస్కారం. పాడేరు ఏజెన్సీలో ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పిల్లలు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు, పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండటం మంచిదే, కానీ ఆ తెలుగూ వీళ్ల ఇంటి భాష కాదు కదా!

సంతలో పసుపు, మిరియాలు అమ్మేటప్పుడు చిల్లర తప్పు లేకుండా లెక్కగట్టే పిల్ల, అదే లెక్క వాక్యాల్లో ఇస్తే పెన్సిల్ పక్కన పెట్టేస్తుంది. భిన్నాలైతే మరీ కష్టం. ట్యూషన్లున్న టౌను పిల్లలకూ వీళ్లకూ ఒకటే పేపరు. మార్కులు చూసి వీళ్లకు లెక్కలు రావంటే నేను ఒప్పుకోను.

గిరిజన ప్రాంతాల్లో పనిచేసిన టీచర్లు చెప్పండి: ముందు కువిలో చర్చించుకోనిచ్చి, తర్వాత ఇంగ్లీషుకు తీసుకెళ్తే సిలబస్ వెనకబడుతుందా? మూడు భాషల్లో లెక్కల పదాల పట్టిక ఎవరైనా తయారు చేసుకున్నారా? నాకు కువి అంతంతమాత్రమే వచ్చు.