గాజు పైకప్పా, గడపా? ఒక మాట మీద చర్చ

మొదటి పోస్టు

మిత్రులకు నమస్కారం. నాలుగు రోజులుగా 'గ్లాస్ సీలింగ్' అనే ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయాను. ఆడవాళ్లను పై పదవులకు వెళ్లనివ్వని, కంటికి కనిపించని అడ్డంకిని అలా అంటారు. దాన్ని తెలుగులో ఎలా చెప్పాలి? సాయం కావాలి.

అమెరికా అధ్యక్ష పదవికి పోటీ పడిన ఆడవాళ్ల గురించి, మా ఊరి గ్రంథాలయానికి వచ్చే ఇంటర్ పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. 2008 జూన్ 7న హిల్లరీ క్లింటన్ పోటీ నుంచి తప్పుకుని ఒబామాకు మద్దతు ప్రకటిస్తూ వాషింగ్టన్‌లో మాట్లాడారు. ఆ మాటల సారం ఇది: అన్నిటికన్నా ఎత్తైన, అన్నిటికన్నా గట్టిదైన ఆ గాజు పైకప్పును ఈసారి బద్దలు కొట్టలేకపోయాం, కానీ మీ చలవ వల్ల దానికి కోటీ 80 లక్షల పగుళ్లు పడ్డాయి, వాటిలోంచి వెలుగు వస్తోంది. ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికల్లో, ఆమెకు పడిన ఓట్లు దాదాపు అన్ని. ఓటుకో పగులు.

మొదట 'గాజు కప్పు' అని రాసి మా మేనకోడలికి చదివి వినిపించాను. "టీ కప్పా అత్తా?" అంది. తనని తప్పు పట్టలేను, కప్పు అంటే ఈ తరానికి మొదట తోచేది అదే. 'గాజు పైకప్పు' అని మార్చాను. అయినా ఆ పిల్ల మొహంలో ఏమీ కదల్లేదు. పేపర్లలో పదిహేనేళ్లుగా చూస్తున్న మాటే, మరి మనసుకు ఎందుకు తగలదు? దీనికి మనదైన మాట ఉందా?

జవాబు (రిటైర్డ్ తెలుగు మాస్టారు, తెనాలి)

అమ్మా, మంచి ప్రశ్న. చిక్కు రెండు చోట్ల ఉంది.

ఒకటి, 'సీలింగు'. ఇంటి లోపల నిలబడి తలెత్తితే కనిపించేదానికి ఇంగ్లీషులో ఒక మాట, బయట నుంచి చూస్తే కనిపించేదానికి ఇంకో మాట. మనకు రెండూ పైకప్పే. ఆ పోలిక అంతా లోపల ఉన్న మనిషి చూపు మీద ఆధారపడింది. పైన ఏముందో కనిపిస్తూనే ఉంటుంది, ఎక్కబోతే తలకు తగులుతుంది. 'పైకప్పు' అనగానే మనకు వానకూ ఎండకూ కాపాడేది గుర్తొస్తుంది. కాపాడేదాన్ని పగలగొట్టడం ఏమిటని మనసు వెనక్కి లాగుతుంది.

ఇంకొకటి, మా తరానికి సీలింగు అంటే భూమి. 1973 భూసంస్కరణల చట్టం వచ్చాక ఊళ్లలో ఎవరిని కదిపినా సీలింగు మాటే. అక్కడ దాని అర్థం 'ఇంతకు మించి ఉండకూడదు' అనే హద్దు. ఆ అర్థమే ఇక్కడ పనికొస్తుందేమో ఆలోచించండి. 'ఆడవాళ్లకు గీసిన హద్దు' అంటే పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

జవాబు (డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, వరంగల్)

మాస్టారు గారితో ఒక్క చోట విభేదిస్తాను. హద్దు అంటే గీసినవాడు కనిపిస్తాడు, గీత కూడా కనిపిస్తుంది. గాజు పైకప్పు అన్నదే అది కనిపించదు కాబట్టి. 1978లో న్యూయార్క్‌లో ఒక చర్చా వేదిక మీద మేరిలిన్ లోడెన్ ఈ మాట వాడారు. తోటి వక్తలు ఆడవాళ్ల స్వభావంలోనే లోపాలు ఉన్నాయన్నట్టు మాట్లాడుతుంటే, లోపం వాళ్లలో లేదు, పైకి వెళ్లనివ్వని ఏర్పాటులో ఉంది అని చెప్పడానికి. ఈ సందర్భం తెలియకుండా మాటను తెచ్చుకుంటే డొల్లగానే ఉంటుంది. తర్వాత 1990లలో అమెరికా ప్రభుత్వం ఈ పేరుతోనే ఒక కమిషన్ వేసింది.

'గాజు' గురించి కూడా ఆలోచించాలి. తెలుగులో గాజు అనగానే ముందు చెయ్యి గుర్తొస్తుంది, తల కాదు. చేతకాని మగవాణ్ణి "గాజులు తొడుక్కున్నావా" అని అడుగుతారు. ఆడవాళ్లను కించపరచడానికి వాడుతున్న వస్తువునే ఆడవాళ్లు బద్దలు కొట్టాల్సిన అడ్డంకికి పేరుగా పెడుతున్నాం. నాకు అది బాధగా ఉంటుంది. 'అద్దం' అంటే నయం. అద్దంలోంచి అవతల కనిపిస్తుంది, చెయ్యి పెడితే తగులుతుంది.

జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీ)

ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఒక సంగతి చెబుతాను. 2016 నవంబర్ 8 రాత్రి హిల్లరీ తన సభను న్యూయార్క్‌లోని జావిట్స్ సెంటర్‌లో పెట్టుకున్నారు. ఆ భవనానికి నిజంగానే గాజు పైకప్పు ఉంది, ఏరి కోరి ఎంచుకున్నారు. దేశం మొత్తం మీద ట్రంప్ కంటే దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా, గెలుపును తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో (రాష్ట్రాల వారీగా లెక్కకు వచ్చేవి) 227-304తో ఓడిపోయారు. ఆ రాత్రి ఆమె ఆ హాలుకు రానేలేదు. మర్నాడు ఇంకో చోట మాట్లాడుతూ మళ్లీ ఆ పైకప్పు మాటే ఎత్తారు, ఇంకా పగలలేదు అని.

అందుకని హిల్లరీ విషయంలో మాత్రం అద్దం, హద్దు ఏవీ వద్దు మేడమ్. అది ఆమె సొంత పోలిక, 'గాజు పైకప్పు' అనే ఉంచండి. పక్కన ఈ రెండు ముక్కలు చెబితే పిల్లలకు కళ్లకు కడుతుంది.

జవాబు (గృహిణి, అనంతపురం)

నేను పెద్దగా చదువుకోలేదు, తప్పయితే మన్నించండి. మా ఇళ్లల్లో ఆడపిల్లకు అడ్డం ఎప్పుడూ నెత్తి మీద లేదు, కాళ్ల దగ్గర ఉంది. 'గడప దాటొద్దు' అనేవాళ్లు. మా అమ్మ బడికి పోతానంటే మా అవ్వ గడప మీద అడ్డంగా కూర్చునిందంట. మనకు ఇంతకంటే బలమైన మాట ఏముంది?

జవాబు (వరంగల్ అధ్యాపకురాలు)

అక్కా, మీరు తప్పు మాట్లాడలేదు, అసలు మాట మీరే చెప్పారు. పైకప్పు అనేది అప్పటికే ఇంట్లోకి వచ్చి, మెట్లెక్కి, పై అంతస్తు దాకా వెళ్లినవాళ్ల బాధ. గడప అసలు అడుగు పెట్టనివ్వని చోటు. అమెరికా చరిత్ర ఈ రెండు మాటల మధ్యే నడిచింది.

1872లో విక్టోరియా వుడ్‌హల్ సమాన హక్కుల పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడింది. అప్పటికి దేశంలో చాలా చోట్ల ఆడవాళ్లకు ఓటే లేదు, ఆ హక్కు ఇచ్చిన రాజ్యాంగ సవరణ వచ్చింది 1920లో. అధ్యక్ష పదవికి 35 ఏళ్లు నిండాలి, గెలిచినా ప్రమాణ స్వీకారం నాటికి ఆమెకు అవి నిండవు. పోలింగ్ రోజున జైల్లో ఉంది, తన పత్రికలో రాసిన రాతలు అశ్లీలమని కేసు పెట్టారు. ఆమెను ఆపింది గాజు కాదు. చట్టం, జైలు తలుపు. అన్నీ కంటికి కనిపించేవే.

1884లోనూ 1888లోనూ పోటీ చేసిన బెల్వా లాక్‌వుడ్ సుప్రీంకోర్టులో వాదించిన మొదటి మహిళా న్యాయవాది. నేను ఓటు వెయ్యలేను, నాకు మాత్రం ఓటు వెయ్యొచ్చు అని ఆమె అనేది. గడపకు అవతల నిలబడి మాట్లాడిన మాట అది.

జవాబు (తెనాలి మాస్టారు)

గడపకు నేనూ తలవంచుతున్నాను. నా 'హద్దు' వెనక్కి తీసుకుంటాను.

వరుసలో మార్గరెట్ చేజ్ స్మిత్‌ను వదలొద్దు. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగిన రిపబ్లికన్ పార్టీ ప్రతినిధుల సభలో ఆమె పేరు ప్రతిపాదించారు. పెద్ద పార్టీ సభలో అధ్యక్ష పదవికి ఒక స్త్రీ పేరు ప్రతిపాదించడం అదే మొదలు. వచ్చినవి 27 ఓట్లు. ఆమె అప్పటికే సెనేటర్, గడప ఎప్పుడో దాటిన మనిషి. పైకప్పు అనే మాట నిజంగా అతికేది ఆమె దగ్గర నుంచే.

జవాబు (అనువాదకుడు, హైదరాబాద్)

షిర్లీ చిషోమ్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు మాటలూ చాలవు. 1968లో గెలిచి అమెరికా కాంగ్రెస్‌లో అడుగు పెట్టిన మొదటి నల్లజాతి మహిళ. 1972 జనవరి 25న బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించింది. నేను నల్లదాన్ని, అందుకు గర్విస్తాను, కానీ నల్లవాళ్ల అభ్యర్థిని మాత్రమే కాను. ఆడదాన్ని, అందుకూ గర్విస్తాను, కానీ ఆడవాళ్ల అభ్యర్థిని మాత్రమే కాను, నేను ప్రజల అభ్యర్థిని, అన్నట్టుగా మాట్లాడింది. నల్లజాతి నాయకుల్లో చాలామంది వెంట రాలేదు. స్త్రీవాదుల్లో కొందరు పైకి మెచ్చుకుని పక్కకు తప్పుకున్నారు. టీవీ చర్చల్లో చోటు కోసం కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. మయామీ బీచ్‌లో జరిగిన డెమోక్రటిక్ పార్టీ సభలో 152 ఓట్లు వచ్చాయి. నల్లగా ఉన్నందుకు కంటే ఆడదాన్ని అయినందుకే ఎక్కువ వివక్ష చూశాను అని ఆమె పలుమార్లు చెప్పింది. ఈమెది రెండు గడపల ఇల్లు. ఒకటి దాటితే ఇంకొకటి.

'అన్‌బాట్ అండ్ అన్‌బాస్డ్' అనే ఆమె నినాదం మీద కూడా చర్చ జరగాలని నా కోరిక. దాని అర్థం: నన్ను ఎవరూ కొనలేదు, నా మీద ఏ బాసూ లేడు. ఇంగ్లీషులో రెండే మాటలు, చప్పట్లు కొట్టినట్టు ఉంటాయి. 'అమ్ముడుపోను, అణిగిపోను' అని నా ప్రయత్నం. ఇంకా మెరుగైనది ఎవరికైనా తోస్తే చెప్పండి.

చిన్న వ్యాకరణం సంగతి. పైన 'అభ్యర్థిని' అని మూడు సార్లు రాశాను. అందులో ఒక మెలిక ఉంది. 'నేను అభ్యర్థిని' అని మగవాడైనా ఆడదైనా అంటారు. 'అభ్యర్థిని ఓడించారు' అన్నప్పుడు అది ద్వితీయా విభక్తి. స్త్రీలింగమూ అదే రూపం. అందుకే 'మహిళా అభ్యర్థి' అని రాస్తే గందరగోళం ఉండదు. 'తొలి మహిళా అధ్యక్షురాలు' అని మాత్రం రాయొద్దు, 'రాలు'లోనే మహిళ ఉంది. 'తొలి అధ్యక్షురాలు' చాలు.

జవాబు (న్యూజెర్సీ)

నినాదానికి నా ఓటు మీ 'అమ్ముడుపోను, అణిగిపోను'కే.

అదే 1972లో హవాయీకి చెందిన పాట్సీ మింక్ ఒరెగాన్ ప్రైమరీలో పోటీ చేశారు. జపనీస్ సంతతి మహిళ. మన ఆసియా వాళ్లలో ఆమెను తలుచుకునేవాళ్లు తక్కువ, దయచేసి ఒక వాక్యమైనా రాయండి. మొన్నటి సంగతీ చేర్చండి: 2024 మార్చిలో నిక్కీ హేలీ ముందు వాషింగ్టన్ డీసీలో, రెండు రోజులకే వెర్మాంట్‌లో గెలిచారు. రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీ గెలిచిన మొదటి మహిళ ఆమే, పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు దంపతుల కూతురు. కమలా హారిస్ అమ్మగారు చెన్నై ఆవిడ. కమల 2021లో ఉపాధ్యక్షురాలు అయ్యారు, 2024లో అధ్యక్ష పదవికి పోటీ చేసి ఎలక్టోరల్ ఓట్లలో 226-312తో ఓడిపోయారు. ఆ నవంబర్ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. పొద్దున్నే మా అమ్మాయి "అమ్మా, ఇంకెన్నిసార్లు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

జవాబు (అనంతపురం గృహిణి)

మీ పాపకు నా దీవెనలు చెప్పండమ్మా. ఇంకొక మాట. పగుళ్లు అని రాశారు మేడమ్. నేల అయితే నెర్రెలిస్తుంది, గోడ బీటలు వారుతుంది, కుండకు పర్రె పడుతుంది. గాజు చిట్లుతుంది కదా?

మొదటి పోస్టు పెట్టిన వ్యక్తి

అందరికీ చేతులెత్తి నమస్కారం. నాలుగు రోజుల టెన్షన్ ఒక్క సాయంత్రంలో తీరింది.

నా నిర్ణయం ఇది. వుడ్‌హల్, లాక్‌వుడ్ దగ్గర 'గడప' అని రాస్తాను. స్మిత్ దగ్గర మొదటిసారి 'పైకప్పు' వస్తుంది. హిల్లరీ దగ్గర 'గాజు పైకప్పు' అని పూర్తిగా రాసి, పక్కనే జావిట్స్ సెంటర్ గురించి చెబుతాను. 'అద్దం' బాగుంది కానీ ఆమె నోటి మాటను మార్చే హక్కు నాకు లేదనిపించింది. గాజుల సామెత గురించి టీచర్ గారు చెప్పింది పిల్లల ముందు పెడతాను, వాళ్లే మాట్లాడుకోవాలి.

అక్క చెప్పిన 'చిట్లడం' తీసుకున్నాను. వాక్యం ఇప్పుడిలా ఉంది: "నెత్తి మీది ఆ గాజు ఈసారికి పగల్లేదు, కానీ మీరు కొట్టిన కోటీ 80 లక్షల దెబ్బలకు అంతటా చిట్లింది, ఆ చిట్లిన చోటల్లా వెలుతురు పడుతోంది." ఆమె అనని 'దెబ్బలు' నేను చేర్చాను. ఓటు ఒక దెబ్బ అయితేనే తెలుగులో ఆ చిట్లడానికి కారణం కనబడుతుంది. మాస్టారు గారు ఒప్పుకోకపోతే తీసేస్తాను.

మేనకోడలికి చదివి వినిపించాను. ఈసారి టీ కప్పు ప్రస్తావన రాలేదు. "అందరూ ఒక్క చోటే కొట్టి ఉంటే పగిలేదా అత్తా?" అని అడిగింది.

చిషోమ్ పేరా ఇంకా మిగిలింది. రెండు గడపల ఇల్లు అనే మాటతో మొదలుపెడుతున్నాను. రాత్రికి ఇక్కడ పెడతాను, దిద్దండి.