అచెబె సామెతలో ‘చి’: విధా, వేల్పా, వెలుగా?

బందరు పాఠకుడు
కొన్నాళ్ళుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. నైజీరియా రచయిత చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లోది. మనిషి ఔనంటే అతని ‘చి’ కూడా ఔనంటుందని అక్కడి ఇగ్బో జాతివాళ్ళ సామెత. ఏ అధ్యాయమో గుర్తు రావడం లేదు. నా తంటా అంతా ఆ ‘కూడా’ దగ్గర. చి ఇష్టపడి ఔనంటుందా, లేక మనిషి గట్టిగా అంటే అనక తప్పదా? సామెత వెంటనే, నవలా నాయకుడు ఒకొంక్వో చాలా గట్టిగా ఔనన్నాడు కాబట్టి అతని చి ఒప్పుకుందని వస్తుంది. ఆ ‘కాబట్టి’లో నాకు బలవంతం వినపడుతోంది. మేం కలిసి చదువుకునేవాళ్ళలో ఒకాయన చి అంటే విధే అని తేల్చేశారు. నాకు మింగుడు పడలేదు. చికి తెలుగులో ఏ మాట పెట్టాలి? మీరేమంటారు?

విజయనగరం మాస్టారు
నాలుగో అధ్యాయం. విధి ససేమిరా కుదరదండీ. విధి మన మాట వినేది కాదు, రాసేస్తుంది, అంతే. ఇక్కడ చి మనిషికి వంత పాడుతోంది. మనకున్నది ‘తానొకటి తలచిన దైవమొకటి తలచును’. ఇగ్బోవాళ్ళది దానికి సరిగ్గా ఎదురు. ‘ఇష్టదైవం’ అనండి, గొడవ వదిలిపోతుంది.

అయితే అచెబె అక్కడితో ఆగడు. పద్నాలుగో అధ్యాయంలో, ఒకొంక్వో ఊరు విడిచి తల్లి పుట్టిన ఎంబంటా చేరాక, పెద్దల మాట నిజం కాదు, తను ఔనంటున్నా చి కాదంటోంది అని వస్తుంది. మన సామెత వెళ్ళి వాళ్ళ సామెతను కొట్టేసిందన్నమాట.

మూసీ ఒడ్డు
మాస్టారూ, కొట్టేసింది ఎవరు? ఆ మాట ఒకొంక్వో మనసులోది. ఏడేళ్ళ ప్రవాసం నెత్తిన పడ్డ మనిషి అలా అనుకోక ఏం చేస్తాడు? దాన్ని అచెబె తీర్పుగా నేను తీసుకోను.

ఇష్టదైవం కూడా ఒప్పుకోను. మూడో అధ్యాయం చూడండి, తండ్రి ఉనొకాది చెడ్డ చి. ‘చెడ్డ ఇష్టదైవం’ అని తెలుగులో ఎవరైనా అంటారా? మళ్ళీ నాలుగులోనే, శాంతి వారంలో చిన్నభార్యను కొట్టి ఊరి నియమం తప్పాక, గిట్టనివాళ్ళు అతన్ని ఎన్‌జా పిట్ట అన్నారు. కడుపునిండా తిని, ఒళ్ళు మరిచి, తన చినే సవాలు చేసిన పిట్ట. మీరు ఏ మాట పెట్టినా ఈ మూడు చోట్లా నిలబడాలి. ‘చెడ్డ విధి’ నిలబడుతుంది, ‘విధిని సవాలు చేసిన పిట్ట’ కూడా నిలబడుతుంది. ‘విధి ఔనంది’ దగ్గరే కూలబడుతుంది. ఇష్టదైవానిది దీనికి తలకిందులు.

బందరు పాఠకుడు
ఈ మూడు చోట్ల పరీక్ష నాకు బాగా నచ్చింది. ‘ఆత్మ’ పెట్టి చూశాను. అదీ పిట్ట దగ్గర ఆగిపోయింది.

డాలస్ నుంచి
ఎవరూ అసలు ఇగ్బో వాక్యం చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ‘ఒన్యె క్వె, చి యా ఎక్వె’. ఒన్యె అంటే ఎవరైతే, క్వె అంటే ఒప్పుకోవడం, చి యా అంటే అతని చి. అంతే ఉంది. అందులో ‘కూడా’ లేదు! ఆ ‘కూడా’ అచెబె ఇంగ్లిష్‌లో చేర్చింది. కాబట్టి బందరు వారి ప్రశ్న ఇగ్బో సామెతకు సంబంధించింది కాదు, అచెబె ఇంగ్లిష్‌కు సంబంధించింది. తెలుగులో ‘తానొప్పితే తన చి ఒప్పు’ అని బిగించి చెప్పొచ్చు.

విజయనగరం మాస్టారు
బిగింపు బాగుంది. కానీ ‘ఒప్పు’ అనగానే తప్పొప్పుల ఒప్పు గుర్తొస్తుంది. ‘ఒప్పును’ అనండి.

భాగవతాభిమాని
ఇంత చర్చలో పోతన రాకపోతే ఎలా? ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’. అక్కడ మాట దేవుడిది, మనిషి నోరు మాత్రమే. ఇగ్బో సామెతలో మాట మనిషిది, వంత దేవుడిది. నాకు ఈ రెండింటి మధ్య దూరం తలచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ ‘అట’ చూడండి, ‘నే పలికిన భవహరమగునట’. తన మాటకు బలం ఉందని పోతన తనంతట అనడు, ఎవరో అన్నారంటాడు. ఒకొంక్వో నోట ఆ ‘అట’ ఒక్కసారైనా పలికి ఉంటే అతని కథ వేరుగా ఉండేది.

మూసీ ఒడ్డు
ఒకొంక్వోకు అణకువ ఉంటే నవలే లేదండీ.

డాలస్ నుంచి
‘చి ఇన్ ఇగ్బో కాస్మాలజీ’ అని అచెబె వ్యాసం ఉంది, 1975 నాటి ‘మార్నింగ్ యెట్ ఆన్ క్రియేషన్ డే’లో. చి గురించి మాట్లాడేవాళ్ళు అది చదవాలి. ఇగ్బోలో రెండు చిలున్నాయంటాడు. ఒకటి మనిషి వెంట ఉండే వేల్పు. రెండోది పగలు, వెలుగు. ముఖ్యంగా రాత్రీ పగలూ మారే వేళ. ‘చి ఒఫుఫొ’ అంటే తెల్లవారడం. మిట్టమధ్యాహ్నాన్ని చెప్పే ‘ఎంగ్బాచి’లోనూ అదే చి. అందుకే నా వాదన: చికి సరైన తెలుగు ‘వేల్పు’. వేల్పులో వెలుగుంది. రెండర్థాలూ ఒక్క మాటలో వచ్చేస్తాయి.

విజయనగరం మాస్టారు
వేల్పులో వెలుగు లేదు బాబూ. వేల్చు నుంచి వేల్పు. వేల్చడమంటే హోమం చేయడం, అంటే ఎవరికి వేలుస్తామో వారు వేల్పు. వినడానికి దగ్గరగా ఉన్నాయని రెండు ధాతువులను ముడిపెట్టకూడదు. వెలుగు కావాలంటే సంస్కృతానికి వెళ్ళండి. దివ్ ధాతువు నుంచి దేవుడూ వచ్చాడు, దివా అంటే పగలూ వచ్చింది. ఇగ్బోలో ఒకే అక్షరంలో ఉన్నది మనకు దేవ, దివాల్లో విడిపోయి ఉంది.

డాలస్ నుంచి
హోమం సంగతి నిఘంటువులో నేనూ చూశాను. అయినా వినేవాడి చెవిలో వేల్పు పక్కన వెలుగు మెరుస్తుందనే నా నమ్మకం. అనువాదకుడికి చెవి ముఖ్యం.

తుని అక్కయ్య
చెవి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. ‘అతని చి కూడా ఔనంటుంది’ అని పైకి చదవండి. మన చెవికి ఛీ వినపడటం లేదూ? పిల్లలకు చదివి వినిపిస్తే నవ్వుతారు. ఎంత పెద్ద మాట, ఎలా పలుచనైపోతోందో చూడండి.

మూసీ ఒడ్డు
అయినా చినే ఉంచాలక్కా. అచెబె పేరే చితో మొదలవుతుంది. చినువాలుమోగు, నా తరఫున చి పోరాడుగాక అని. నాన్న మిషన్ బడి పంతులు ఐజాయా, బాప్తిస్మంలో విక్టోరియా రాణి భర్త పేరు ఆల్బర్ట్ అని పెట్టారు. యూనివర్సిటీకి వచ్చాక ఆల్బర్ట్ తీసేసి, చినువాలుమోగు కుదించి చినువా అయ్యాడు. తన పేరులో నిలుపుకున్న అక్షరాన్ని మనం తెలుగులో తీసేస్తామా? నవలలో ఆయన చేసింది కూడా అదే. మూడో అధ్యాయంలోనూ, ఆ తర్వాత ఒకట్రెండు చోట్లా చి పక్కన అర్థం చెప్పాడు, అయినా చి మాటను వదల్లేదు.

సమాసాల సుబ్బయ్య
ఇందాకటి వ్యాసంలో అసలు రసవత్తరమైన భాగాన్ని డాలస్ వారు దాటేశారు. అది చి కాదు, ‘న’. సృష్టికర్తకు ఇగ్బో క్రైస్తవులు వాడే పేరు చినెకె. మిషనరీలు దాన్ని ‘సృష్టించే చి’ అని అర్థం చేసుకున్నారు. మధ్యలో ఉన్న ‘న’ స్వరం మార్చి పలికితే అది ‘మరియు’ అవుతుంది, అప్పుడు ‘చి, ఎకె’ అని ఇద్దరు దేవతలు. ఇగ్బోలో స్వరం మారితే మాటే మారిపోతుంది, ‘అక్వా’ అనే ఒక్క రాతనే ఏడుపు, గుడ్డు, బట్ట, మంచం అని నాలుగు రకాలుగా పలకొచ్చు. ‘న’ను తప్పుగా పలికి, ఇద్దరున్న పాత దేవుణ్ణి మిషనరీలే తమ గర్భగుడిలోకి తీసుకెళ్ళారంటాడు అచెబె.

ఇది చదివినప్పుడు నాకు మన ‘రామేశ్వర’ చర్చ కళ్ళ ముందు నిలిచింది. రాముడికి ఈశ్వరుడని విష్ణువు తత్పురుష చెప్పాడు, రాముడే ఈశ్వరుడుగా గలవాడని శివుడు బహువ్రీహి చెప్పాడు, రాముడే ఈశ్వరుడని మునులు కర్మధారయం చెప్పారు. ఒక పేరు, మూడు విగ్రహవాక్యాలు. చినెకెకు ద్వంద్వం చెప్పాలన్నది నా పక్షం.

విజయనగరం మాస్టారు
రామేశ్వరలో ముగ్గురూ ఎదుటివాణ్ణి పెద్ద చేశారు. చినెకెలో మిషనరీలు ఎదుటివాణ్ణి మాయం చేశారు. ఈ పోలిక సగమే నిలుస్తుంది.

న్యూజెర్సీ నుంచి
పద్నాలుగో అధ్యాయం గురించి ఒక మాట. ‘చి కాదంది’ అనే వాక్యం రాసినప్పుడు అచెబెకు ముప్పై ఏళ్ళు లేవు, నవల 1958లో వచ్చింది. 1990 మార్చి 22న నైజీరియాలో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. ఇంగ్లండ్‌లో వైద్యం, తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలో బార్డ్ కాలేజీ, దాదాపు రెండు దశాబ్దాలు చక్రాల కుర్చీలోనే పాఠాలు. 2009లో బ్రౌన్ యూనివర్సిటీకి మారాడు. 2013 మార్చి 21న బోస్టన్‌లో పోయాడు, ఆ మే నెలలో సొంత ఊరు ఒగిడిలో సమాధి చేశారు. 1987 తర్వాత కొత్త నవల రాలేదు. ‘హోమ్ అండ్ ఎగ్జైల్’ హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు, నైజీరియా నుంచి విడిపోవడానికి ఇగ్బోలు చేసిన బయాఫ్రా యుద్ధపు జ్ఞాపకాల పుస్తకం 2012లో వచ్చింది. ఇక్కడే ముసలివాళ్ళమవుతున్న మాబోటివాళ్ళకు ఎంబంటా అధ్యాయం వేరేగా తగులుతుంది. అక్కడ మేనమామ ఉచెందు ఒకొంక్వోకు చి గురించి ఒక్క ముక్క చెప్పడు. పిల్లలకు ‘ఎన్నెకా’, తల్లే గొప్పది, అని ఎందుకు పేరు పెడతామని అడుగుతాడు. బందరు వారి ప్రశ్నకు జవాబు అక్కడుందని నాకనిపిస్తుంది.

మూసీ ఒడ్డు
చివరి మాట కాదనను. కానీ ఆయన బతుకును తెచ్చి వాక్యానికి అర్థం చెప్పడం నాకు నచ్చదు. వాక్యం ముందు పుట్టింది.

భాగవతాభిమాని
అచెబె గురించి మాట్లాడుతూ ఆయన స్నేహితుడు, కవి ఒకిగ్బోను మరిచిపోతారేమిటి! ఇద్దరూ కలిసి ఎనుగు నగరంలో సిటడెల్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టారు. 1967లో ఒకిగ్బో బయాఫ్రా తరఫున పోరాడుతూ ఎన్‌సుక్కా దగ్గర చనిపోయాడు. ఆయన కవిత ‘హెవెన్స్‌గేట్’ ఇదొటో అమ్మ ముందు నిలబడి మొదలవుతుంది, ఆమె ఆయన ఊరు ఒజొటోలో ఏటి దేవత. ఆ ప్రార్థన పైకి చదువుకుంటే చాలు, దేవుడికీ మనిషికీ మధ్య ఇగ్బోవాడు ఎంత దూరం పెట్టుకున్నాడో తెలుస్తుంది. స్నేహితుడి కోసం అచెబె ఇగ్బోలోనే విలాపం రాశాడు, ‘ఉనొ ఒన్వు ఒకిగ్బో’. ఇంగ్లిష్‌లో అంత పేరున్నవాడికి ఏడుపు ఇగ్బోలో వచ్చింది.

బందరు పాఠకుడు
అయితే ఆ విలాపంలో చి వస్తుందా?

సమాసాల సుబ్బయ్య
విలాపం సంగతి తర్వాత. 1999లో నైజీరియాలోని ఒవెరిలో అచెబె ఇచ్చిన ఉపన్యాసం మీకు ఇంకా పనికొస్తుంది. అమెరికా నుంచి వచ్చి, ఇగ్బోలో, అదీ తన ప్రాంతపు యాసలో మాట్లాడాడు. మిషనరీ ఆర్చ్‌డీకన్ డెన్నిస్ కొన్ని మాండలికాలను కలిపి తయారుచేసిన యూనియన్ ఇగ్బో మీద విరుచుకుపడ్డాడు, పెద్ద దుమారం లేచింది. ఆ యూనియన్ ఇగ్బోలో బైబిల్ 1913లో వచ్చింది. మన గిడుగు గ్రాంథికం మీద యుద్ధం చేస్తున్న రోజులవి. జనం నోట్లో లేని భాషను బడిలో రుద్దొద్దని ఇద్దరిదీ ఒకే పట్టు.

విజయనగరం మాస్టారు
ఒకే పట్టు కాదు. గిడుగు అందరికీ ఒక శిష్ట వ్యావహారికం కోరాడు. అచెబె ఏ మాండలికాన్నీ కలపొద్దన్నాడు. దీనికి విడిగా చర్చ పెట్టండి, వస్తాను.

డాలస్ నుంచి
ఆ ఉపన్యాసం పేరు ‘ఎచి ది ఇమె, తా బు గ్బో’. రేపు కడుపుతో ఉంది, ఇవాళే మొదలుపెడితే ఆలస్యం కాదు అని. ఎచి అంటే రేపు. ఎచిలో ఉన్న చి తెల్లవారే చినే అని నేను వాదిస్తాను. స్వరం తెలిసినవాళ్ళు కాదంటే అప్పుడు చూద్దాం.