‘డికాషన్’ కాచాలా, దిగాలా?

ప్రశ్న:
మనం డికాషన్ అనే ఇంగ్లీషు ‘డికాక్షన్’ మాటకు మూలం లాటిన్‌లోని ‘డెకోక్వెరె’. మరగకాచడం, ఇగరబెట్టడం అని దానర్థం. మన కషాయం కూడా వాడుకలో అలాంటిదే. కాని కాఫీ ఫిల్టర్‌లో పొడి మరగదు, నీళ్లు ఇగరవు. అలాంటప్పుడు డికాషన్ అనవచ్చా? ఇంకో సందేహం క్రియ గురించి. డికాషన్ కాచడం, తీయడం, వేయడం, దిగడం... అన్నీ వినిపిస్తాయి. కాఫీ తయారీ గురించి రాసేటప్పుడు ఏది ఎక్కడ వాడాలి? పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే మోకా పాట్‌కూ, జల్లెడ ఉన్న కడ్డీతో నొక్కే ఫ్రెంచ్ ప్రెస్‌కూ అవే మాటలు నప్పుతాయా?

జవాబు:
పుట్టుకను బట్టి చూస్తే మీ అనుమానం సరైనదేనండీ. ఆయుర్వేదం ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. అందులో కషాయ కల్పనలు అయిదు: స్వరసం (పిండిన రసం), కల్కం (నూరిన ముద్ద), క్వాథం, హిమం, ఫాంటం. దినుసును నీళ్లలో మరగబెట్టి ఇగిరిస్తే క్వాథం. చన్నీళ్లలో రాత్రంతా ఉంచి వడగడితే హిమం. వేడినీళ్లు పోసి కాసేపు ఆగి వడగడితే ఫాంటం. ఈ లెక్కన ఫిల్టర్ కాఫీ, ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ ఫాంటాలు. కోల్డ్ బ్రూ (చన్నీళ్లలో నానబెట్టే కాఫీ) అచ్చమైన హిమం. క్వాథానికి కాస్త దగ్గరగా వచ్చేది చిన్న గిన్నెలో పొడితో సహా కాచే టర్కిష్ కాఫీ. దాన్ని కూడా ఇగరనివ్వరు, నురుగు పొంగు రాగానే దించేస్తారు.

అయినా డికాషన్‌ను తప్పుపట్టక్కర్లేదు. పాలు కలపకముందు ఉండే చిక్కటి కాఫీ రసం అని తెలుగులో దానికి అర్థం స్థిరపడిపోయింది. జాగ్రత్త పడాల్సింది క్రియ దగ్గరే. ‘డికాషన్ కాచండి’ అని రాస్తే, కొత్తవాళ్లు పొడిని నీళ్లలో వేసి కుతకుత ఉడికిస్తారు. పరిమళమంతా ఆవిరితో పోయి చేదు మిగులుతుంది.

ఇంకో జవాబు:
ఫిల్టర్ వరకు మనకు మూడు అకర్మక క్రియలున్నాయి, మూడూ మూడు దశలు: పొడి నానుతుంది, సారం ఊరుతుంది, డికాషన్ దిగుతుంది. నానడం పొడి నీటిని పీల్చుకోవడం. ఊరడం అందుకు ఎదురు, లోపలిది బయటికి రావడం. బావిలో నీరు ఊరడం, నోరూరడం గుర్తు చేసుకోండి. మనిషి చేసే పని ‘డికాషన్ వేయడం’తో అయిపోతుంది. తర్వాతదంతా నీళ్ల పని. ‘దించడం’ అంటే పొయ్యి మీంచి దించడమని అర్థం మారిపోతుంది కాబట్టి ‘దిగనివ్వాలి’ అనడమే సరైన వాడుక.

కొలతలు కూడా చెబుతాను. రెండు కప్పుల పాల కాఫీకి 20 గ్రాముల పొడి, అంటే తలకొట్టిన 4 పెద్ద చెంచాలు. నీళ్లు 120 మి.లీ. పై గిన్నెలో పొడి వేసి, పక్కన తట్టి సమం చేసి, గొడుగులాంటి బిళ్లను మెల్లగా ఆనించాలి, అదమకూడదు. తెర్లిన నీళ్లను పొయ్యి కట్టేశాక అర నిమిషం ఆగనిచ్చి, ముందు 30 మి.లీ. గుండ్రంగా పోయాలి. తాజాగా వేయించిన గింజల పొడిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఉంటుంది. అది బుడగలుగా బయటికి పోయేదాకా అర నిమిషం ఆగాలి. లేకపోతే నీళ్లు పొడిలోకి సమంగా ఇంకవు. ఆ తర్వాత మిగతా నీళ్లు పోసి మూత పెట్టాలి. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. అందుకే 120 పోస్తే కిందికి వచ్చేది దాదాపు 80. ఇది తెలియక ‘నీళ్లు ఎక్కడికి పోయాయి’ అనుకుంటారు.

అడిగినవారు:
‘డికాషన్ దిగట్లేదు’ అనే ఫిర్యాదు తరచూ వింటాం. కారణం నానడంలోనా, దిగడంలోనా?

జవాబు:
మూడు కారణాల్లో ఏదో ఒకటి అవుతుందండీ. పొడి మరీ మెత్తగా ఉండి రంధ్రాలు మూసుకుపోవడం ఒకటి. బిళ్లను అదిమేయడం రెండోది. చాలామంది పట్టించుకోనిది మూడోది: పై గిన్నె కింది గిన్నెలో గట్టిగా బిగిసిపోతే లోపలి గాలికి దారి ఉండదు. గాలి బయటికి పోనిదే చుక్క కిందికి రాదు. పై గిన్నెను వెంట్రుకవాసి ఎత్తి మళ్లీ పెడితే చాలు, అంతవరకు ఆగినది టపటపా మొదలవుతుంది. బిళ్లను పైనుంచి నొక్కి తొందరపెట్టడం మాత్రం వద్దు, పొడి ఇంకా బిగుసుకుంటుంది.

చికోరీ (ఒక మొక్క వేరును వేయించి కొట్టిన పొడి) కలిసిన కాఫీ పొడి కాస్త నిదానంగా దిగుతుంది. అది లోపం కాదు. మొత్తం 2 నిమిషాల్లో దిగిపోతే అదే అసలు లోపం: పొడి బరకగా ఉంది, లేదా తక్కువగా వేశారు. అప్పుడు నానింది గాని ఊరలేదని అర్థం. 15 నుంచి 20 నిమిషాలు పట్టడం మామూలే.

మరో జవాబు:
మోకా పాట్ దగ్గర ‘దిగు’ పనికిరాదు, ఇక్కడ ‘ఎక్కు’ కావాలి. ఇటలీలో 1933లో అల్ఫోన్సో బియలెట్టి తెచ్చిన ఈ పాత్రలో నీళ్లు అడుగున ఉంటాయి. ఆవిరి ఒత్తిడికి అవి పొడిలోంచి పైగదికి ఎక్కుతాయి. నీళ్లు రక్షణ వాల్వుకు కొంచెం కిందవరకే పోయాలి. పొడిని బుట్టలో సమం చేయాలి గాని కూరకూడదు. మంట సన్నగా ఉండాలి. ‘గుడగుడ’ మొదలైందంటే నీళ్లు అయిపోవచ్చి ఆవిరి వస్తోందని. ఆ క్షణమే దించకపోతే మాడు రుచి తగులుతుంది.

ఫ్రెంచ్ ప్రెస్‌కు ‘ఊరు’ చక్కగా సరిపోతుంది. 15 గ్రాముల బరక పొడి, 250 మి.లీ. నీళ్లు, 4 నిమిషాలు ఊరనిచ్చి కడ్డీని మెల్లగా నొక్కి వెంటనే వంపేసుకోవాలి. నొక్కాక అందులోనే వదిలేస్తే ఊరడం ఆగదు, నిమిషాలు గడిచేకొద్దీ చేదెక్కుతుంది. చన్నీళ్ల కాఫీకి 1 వంతు బరక పొడికి 8 వంతుల నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో 12 నుంచి 16 గంటలు ఉంచాలి. దీన్ని ‘హిమకాఫీ’ అంటే నాకు ఎంతో బాగుంది. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్స్ మొదలుపెట్టిన కాగితం వడపోతకు మాత్రం మన ‘వడగట్టు’ ఉండనే ఉంది, కొత్త మాట అక్కర్లేదు.

ఇంకొకరు:
రుచి మాటలు కూడా విడదీసి వాడితే మేలండీ. ‘స్ట్రాంగ్’ అన్న ఒక్క మాటతో చిక్కదనం, చేదు, కెఫీన్ అన్నీ కలిపేస్తున్నాం. చిక్కన అంటే పొడి ఎక్కువ, నీళ్లు తక్కువ. చేదు అంటే ఎక్కువ ఊరింది, లేదా గింజ బాగా మాడింది. పులుపు తగిలితే తక్కువ ఊరిందేమో చూడాలి. లేతగా వేయించిన గింజకైతే కొంత పులుపు సహజం. నాలుక పట్టేసినట్టుంటే అది వగరు, పొడి మరీ మెత్తనైనా వస్తుంది. చికోరీ చిక్కదనాన్నీ రంగునూ ఇస్తుంది, కాని అందులో కెఫీన్ ఉండదు. కాబట్టి నల్లగా చిక్కగా ఉన్న డికాషన్‌లో కెఫీన్ ఎక్కువ ఉంటుందని అనుకోకూడదు. చేదుగా ఉందని పొడి తగ్గిస్తే పలచబడుతుంది గాని చేదు పోదు. తగ్గించాల్సింది సమయం, లేదా పొడిని కొంచెం బరకగా మర పట్టాలి.

అడిగినవారు:
చివరగా, దిగాక మిగిలేది పిప్పా, మడ్డా?

జవాబు:
ఫిల్టర్ పై గిన్నెలో మిగిలేది పిప్పి: సారం లాగేశాక ఉండే పదార్థం. కప్పు అడుగున పేరుకునేది మడ్డి. ఫ్రెంచ్ ప్రెస్‌లో రెండూ ఉంటాయి, జల్లెడ కింద పిప్పి, దాన్ని దాటి వచ్చిన మడ్డి. టర్కిష్ కాఫీలో వడగట్టడమే లేదు కనుక రెండు మూడు నిమిషాలు తేరనిచ్చి పైతేట తాగి, మడ్డిని కప్పులోనే వదిలేస్తారు. ఫిల్టర్‌లోని పిప్పి మీద మళ్లీ నీళ్లు పోస్తే వచ్చేదాన్ని రెండో డికాషన్ అంటాం. అందులో సారం తక్కువ, చేదు ఎక్కువ. విడిగా తాగడానికి బాగోదు. మొదటిది మరీ చిక్కగా ఉంటే అందులో ఒకటి రెండు చెంచాలు కలపవచ్చు.