కోసి చూడటమా, కోసి తీయడమా?

బరంపురం నుంచి:
అమ్మ వీపు మీద గడ్డ ఉంది. చీటీలో మొదట ‘ఇన్సిజనల్ బయాప్సీ’ అని రాసి, కొట్టేసి ‘ఎక్సిజనల్’ అని రాశారు. మొదటిదైతే గాటు పెట్టి చిన్న ముక్క పరీక్షకు పంపుతారు, రెండోదైతే గడ్డంతా తీసేస్తారు. నేను రెండింటినీ ‘కోత’ అనేశాను. "కోసి చూస్తారా, కోసి తీస్తారా?" అని అమ్మ అడిగింది. వెంటనే మేడిపండు పద్యం ఎత్తుకుంది, ‘పొట్ట కోసి చూడ’ అంటూ. నాకు ‘విప్పి’ అని గుర్తు. ఏది సరైనది? ఆ ఇంగ్లీషు మాటలకు ఒక్కో తెలుగు మాట కూడా చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి నుంచి:
రెండింటికీ మూలం లాటిన్ ‘కైదెరె’, నరకడం. ‘ఇన్’ అంటే లోపలికి, ‘ఎక్స్’ అంటే బయటికి. గాటు, కోసివేత అనండి. పద్యంలో మాత్రం ‘విచ్చి’. మా తాతగారు అలాగే చదివేవారు.

రాయగడ నుంచి:
మాస్టారూ, విచ్చడం పువ్వు పని. మనం చేసేది విప్పడం. పండిన మేడిపండు రెండు బొటనవేళ్ళతో నొక్కితే విడిపోతుంది, కత్తెందుకు?

పర్లాకిమిడి నుంచి:
మేడికి పువ్వులన్నీ కాయ లోపలే బాబూ. అందుకే ఒడియావాళ్ళు ఎప్పుడో గానీ కనబడని మనిషిని డిమిరి పువ్వు, అంటే మేడిపువ్వు అంటారు. పువ్వులు దాచుకున్నదాన్ని ‘విచ్చి’ చూడమనడంలోనే వేమన అందం ఉంది.

జయపురం నుంచి:
కోసి, విప్పి, విచ్చి మూడూ గలాలే, అంటే గురువు పక్కన లఘువు. ఆటవెలది రెండో పాదంలో ఏదైనా ఇముడుతుంది. యతి ‘పొట్ట’లో ‘పొ’కీ ‘పురుగు’లో ‘పు’కీ, ఈ గణం జోలికి రాదు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే ఎన్ని నోళ్ళు దాటిన పద్యమో! అమ్మగారిది తప్పనలేం.

పర్లాకిమిడి నుంచి:
గణం కుదిరితే చాలదు. జనం నోట ఉన్న భాష కోసం పోరాడిన గిడుగువారు మా ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. తాతగారి నోటిమాటను నేను వదలను.

రాయగడ నుంచి:
అలాగైతే అమ్మగారిదీ నోటిమాటే కదండీ! ఇంకొకటి, ‘డిసిషన్’ కూడా ఆ కైదెరె బిడ్డే. మనమూ తగువు తెగలేదు, బేరం తెగింది అంటాం. తెగువ కూడా ఆ ‘తెగు’ నుంచి వచ్చిందే.

బరంపురం నుంచి:
‘గాటు’ అనగానే అమ్మకు అర్థమైంది, గుత్తివంకాయ చేసే చెయ్యి కదా. ‘కోసివేత’కు మొహం చిట్లించింది. "తీసేస్తారు అను, చాలు" అంది. ‘విప్పి’కి మాత్రం ఒప్పుకోలేదు. పురుగున్నదాన్ని చేత్తో ఎవరు విప్పుతారంటోంది.

పర్లాకిమిడి నుంచి:
‘విచ్చి’ అని అడిగి చూశారా?